రిమార్కుల గడి

ఫిబ్రవరి 20, 1978. సోమవారం

వాన లేదు.

ఈ నోటుపుస్తకం మొన్న సంతలో కొన్నాను. కాఫీ తోటలో వాన రిజిస్టరు ఉండనే ఉంది. పదహారేళ్ళుగా రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు కొలత గ్లాసు చూసి అందులో అంకె వేస్తున్నాను. తారీఖు, వాన ఎన్ని మిల్లీమీటర్లు, చివర రిమార్కులు అని ఒక గడి. గడి వెడల్పు అంగుళమున్నర. ఆరోజు చెప్పుకోదగ్గది ఏదైనా జరిగితే అందులో రాస్తాను. ఈ మధ్య చెప్పుకోదగ్గవి గడిలో పట్టడం లేదు. అందుకని ఇది.

గంగ పరుగెత్తుకుంటూ వచ్చింది. సోములమ్మ కూతురు. గేటు తోసుకుని, ఆయాసంతోనే, "సిన్నాన్నా, నాను అరుకు పెద్దబడికి ఎల్తాను! ఆరో తరగతి. అక్కడే ఉండాలంట, అక్కడే తినాలంట!" అంది. ఐదో తరగతి పాసైనట్టు మన పంతులు కాగితం ఇస్తే జూన్‌లో చేర్చుకుంటారట.

నేను పెద్దగా సంతోషపడలేదు. కొలత గ్లాసు చేతిలోంచి జారింది, అంతే. పగల్లేదు.

ఫిబ్రవరి 21

వాన లేదు. గంగ గురించి ఆలోచించలేదు.

ఫిబ్రవరి 24, శుక్రవారం

వాన లేదు. పంతులు వచ్చారు.

జోగారావు పంతులుగారి కాపురం కింద శృంగవరపుకోటలో. సంతకు వచ్చిన శుక్రవారాల్లో కొన్నిట మా ఊరిదాకా వస్తారు. సోములమ్మ కూతురి కాగితం కోసం బడికి వెళ్ళింది. నా దారి కూడా అటే కనుక నేనూ వెళ్ళాను. (నా దారి అటు కాదు.)

బడి గదిలో షావుకారు పసుపు బస్తాలు ఉంటాయి. పిల్లలు అరుగుమీద కూర్చుంటారు. పలకలు పచ్చగా, మోకాళ్ళు పచ్చగా, ముప్ఫై ఒక్క మందీ పెళ్ళివారిలా ఉంటారు. పంతులుగారు రిజిస్టరు తీసి వేలితో వెతికారు.

"గంగ. ఒకటో తరగతి."

"ఐదేళ్ళయింది కద బాబూ, బడిలో ఏసి?" అంది సోములమ్మ.

"అయితే? ఒకటో తరగతి గట్టిగా రావాలే. అది పునాది."

"ఐదేళ్ళనుంచీ పునాదే ఏత్తన్నారా బాబూ? మరి ఇల్లెప్పుడు కడతారు?"

పంతులుగారికి కోపం రాలేదు. ఆయన మంచి మనిషే, తొందరలో ఉన్నారు. "నీకు తెలీదు సోములమ్మా. అందరూ ఒకటో తరగతే అయితే ఒకటే పుస్తకం, ఒకటే పాఠం. తరగతులు పెంచితే ఐదు పాఠాలు చెప్పాలి. నాకు ఐదు నోళ్ళున్నాయా? అయినా మీ గుంటలు ఎంత చదివినా చివరికి చోళ్ళు కోసుకోవలసిందే కదా," అని గొడుగు తీసుకున్నారు. బస్సు వేళయింది.

రిజిస్టరులో ఉన్న అందరూ ఒకటో తరగతే. ఐదేళ్ళుగా. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. నా సంగతి తెలిసిందే.

తిరిగి వచ్చేటప్పుడు సోములమ్మ, "ఏటి బావా, నీ నోట్లో ఏటుంది? తేనెపట్టా? తెరిత్తే ఈగలు లేత్తాయా?" అంది.

చెప్పులో రాయి ఉన్నట్టనిపించి ఆగాను.

ఫిబ్రవరి 27

వాన లేదు. పిల్లలు వచ్చారు. వాళ్ళకు కొత్త ఆట ఒకటి దొరికింది. ఒకటో తరగతి పుస్తకాన్ని ఆఖరి మాట నుంచి మొదటి మాటదాకా వెనక్కి అప్పజెప్పడం. ఎవరు ఆగకుండా చెబితే వాళ్ళు గెలిచినట్టు. మంగరాజు గెలిచాడు. వాడికి మీసాలు వస్తున్నాయి.

మార్చి 3, శుక్రవారం

వాన లేదు. పంతులు రాలేదు.

నేను పిల్లలకు చదువు చెప్పడం లేదని ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఎరువు బస్తాల మీద, మైలురాళ్ళ మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, నేనేం చెబుతాను? పొద్దున్న కొలత చూసేటప్పుడు వాళ్ళు గేటు దగ్గర ఉంటారు. గ్లాసు చూపిస్తాను. మిల్లీమీటరు అంటే ఇది, అందులో పదో వంతు ఇది, చుక్క ఇక్కడ పెట్టాలి అని చెబుతాను. వాన లేని రోజున కుండలో నీళ్ళు పోసి కొలిపిస్తాను. కిందటి ఏడాది అంకెలు కూడమంటాను. కాగితం దొరికితే చదవమంటాను. అంతే. చదువు వేరు.

మార్చి 10, శుక్రవారం

వాన లేదు. పంతులు వచ్చారు. తోటకే వచ్చారు, మంచినీళ్ళ కోసం.

కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడట. పాతాయన కిందే కూర్చుని సంతకం పెట్టేవాడు. ఈయన స్వయంగా కొండెక్కి చూస్తానంటున్నాడు.

"దిసారి మీ పండగ ఎప్పుడు పెట్టాడోయ్, సుక్రూ?"

"ఏప్రిల్ పన్నెండున వేటకి బయల్దేరతారు," అన్నాను. దిసారి అంటే మాకు ముహూర్తం చూసే పెద్ద.

పంతులుగారు వేళ్ళు లెక్కపెట్టి చిరునవ్వు నవ్వారు. "అయితే తనిఖీ పదమూడుకి రాయిస్తాను. మగాళ్ళంతా అడవిలో ఉంటారు, పిల్లలు వాళ్ళ వెనక. ఊరు ఖాళీ. నివేదిక కూడా రాసేసుకున్నాను, ఆయన సంతకం ఒక్కటే తక్కువ." నీళ్ళు తాగి నా భుజం తట్టారు. "నీతో చెబితే గోడకి చెప్పినట్టేలే."

నిజమే. ఆయన గ్లాసు కడిగి బోర్లించాను.

ఒక సంగతి మాత్రం తలలో తిరుగుతోంది. పండగ వారంలో పంతులుగారు ఏనాడూ ఇక్కడ లేరు. ఆ వారం కొండే ఎక్కరు. మగవాళ్ళు వేటకు పోతారని విన్నారు. మగవాళ్ళు పోయాక ఊరు ఎవరి చేతికి వస్తుందో ఆయన చూడలేదు. ఆ రోజుల్లో దారికి వెదురు గెడ అడ్డం పెట్టి ఆడవాళ్ళు కాపలా కాస్తారని, చెల్లించనిదే బండిగానీ మనిషిగానీ కదలదని, ఆయనకు తెలియదు.

మార్చి 11

వాన లేదు.

సోములమ్మకు తారీఖు చెప్పాను, అడిగింది కనుక.

అడగలేదు. చెప్పాను. తారీఖుతో మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఇంత పొడుగు మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు ఎండిపోయింది.

సోములమ్మ ముందు ముక్కుమీద వేలేసుకుంది. తరవాత నవ్వింది. నవ్వీ నవ్వీ రాయిమీద కూలబడింది. "బావా, ఒక మంచి వెదురు గెడ కావాలి. పొడుగ్గా, జీపు కూడా ఆగేలాగ," అంది.

తోటలో వెదురు సర్కారుది. ఒకటి ఇచ్చాను.

మార్చి 28

9.6.

పూతవాన! గంగ గ్లాసు చూసి "తొమ్మిది చుక్క ఆరు!" అని అరిచింది. పిల్లలంతా బురదలో గంతులు. నేను గంతులు వేయలేదు. కాలు జారింది.

ఏప్రిల్ 6

వాన లేదు. తోట పూసింది. నిన్న లేదు, ఇవాళ కొమ్మ కొమ్మకూ తెల్లగా, మంచు పేరుకున్నట్టు. మల్లెపూల వాసన కొండంతా. తల తిరుగుతోంది. రెండుసార్లు అదే పేజీలో అంకె తప్పు రాశాను. ఈ వాసన వల్లే.

ఏప్రిల్ 12

వాన లేదు. మగవాళ్ళు విల్లంబులు, బరిసెలు పట్టుకుని అడవికి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. వానకొలత ఎవరు చూస్తారు అన్నాను. మబ్బు తునక లేదు.

పిల్లల్ని మాత్రం వెళ్ళనివ్వలేదు. తల్లులే ఆపారు.

ఏప్రిల్ 13, గురువారం

వాన లేదు.

తారీఖే రెండుసార్లు కొట్టేసి రాశాను. పూలు వాడిపోయాయి కనుక ఇక వాటి మీద నెట్టలేను. వరసగా రాస్తాను.

పొద్దున్న ఎనిమిదిన్నరకు కొలత చూసి మలుపు దగ్గరకు వెళ్ళాను. గెడ రోడ్డుకు అడ్డంగా ఉంది. ఇటు నుంచి అటుదాకా ఆడవాళ్ళు, తలలో పూలు, నడుముకు బిగించిన చీరలు. చిన్నమ్మలు అనే ముసలామె మెడలో డప్పు. నేను మైలురాయి వెనక నిలబడ్డాను. దాక్కోలేదు.

పదింటికి జీపు వచ్చింది. ముందు ఇన్‌స్పెక్టరుగారు, లావుపాటి మనిషి, తలకు తువ్వాలు. వెనక పంతులుగారు. గెడ చూసి పంతులుగారి నోరు తెరుచుకుంది.

ఇన్‌స్పెక్టరుగారికి ఎవరో ముందే చెప్పినట్టున్నారు. నవ్వుతూ రెండు రూపాయల నోటు తీశారు. సోములమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"డబ్బులొద్దు బాబూ."

"మరేం కావాలమ్మా?"

"పరీచ్చ."

"ఏమిటీ?"

"మా గుంటలకి పరీచ్చ ఎట్టండి. ఎడితే గెడ తీత్తాం."

"సార్, వీళ్ళు తాగున్నారు," అన్నారు పంతులుగారు.

"తాగేం బాబూ!" అంది చిన్నమ్మలు. "పండగ కాదేటి? నువ్వూ తాగు." కల్లు నింపిన ఆనపకాయ బుర్ర ఆయన ఒళ్ళో పెట్టింది. డప్పు మోగింది. బండ వెనకనుంచి ముప్ఫై ఒక్క మంది పిల్లలు పలకలు పట్టుకుని వచ్చి జీపు ముందు రోడ్డుమీద వరసగా కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టరుగారు దిగారు. మంగరాజు ఎదుట ఆగి కాసేపు వాడి పైపెదవి చూశారు.

"నువ్వే తరగతిరా?"

"ఒకటో తరగతి బాబూ. ఇది ఐదో యేడు."

"చదువు."

మంగరాజు కళ్ళు మూసుకుని పుస్తకమంతా చెప్పాడు. ఆగమన్నా ఆగకుండా అటునుంచి ఇటు కూడా చెప్పాడు. డ్రైవరు హారను మీద పడి నవ్వుతున్నాడు.

"ఇది చదవడం కాదు, బట్టీ," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "ఇంకో పుస్తకం ఇవ్వండి."

"ఇంకో పుస్తకం లేదు సార్," అన్నారు పంతులుగారు.

ఇన్‌స్పెక్టరుగారు చుట్టూ చూశారు. పంతులుగారి ఒళ్ళో ఫైలు కనిపించింది. పైనున్న కాగితం లాగి గంగ చేతికి ఇచ్చారు. "ఇది చదువమ్మా." పంతులుగారు చెయ్యి చాపారు. ఆ చేతిలో ఆనపకాయ బుర్ర ఉంది.

గంగ లేచి నిలబడింది. ఒక్కో మాటా వేలితో తడుముతూ చదివింది.

"తనిఖీ నివేదిక. తేదీ పదమూడు, నాలుగు, డెబ్భై ఎనిమిది. హాజరైన పిల్లలు... ఎవరూ లేరు." ఆగి, తన వరస అటునుంచి ఇటుదాకా చూసుకుంది. "ఇక్కడ తప్పు పడింది బాబూ."

"చదువు," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు.

"ఈ గ్రామ ప్రజలకు విద్యయందు ఆసక్తి లేదు. కావున ఈ బడిని మూసివేసి, నన్ను మైదాన ప్రాంతమునకు బదిలీ చేయవలెనని ప్రార్థన."

గంగ కాగితం దించింది. దాని గడ్డం వణికింది. తన కాగితం ఎలాగో వచ్చినా, బడే లేకపోతే మిగతా ముప్ఫై మంది ఎక్కడికి పోతారు?

"ఆసక్తి అంటే ఏటే గుంటా?" అంది చిన్నమ్మలు.

"ఇష్టం, అమ్మమ్మా."

"ఓలమ్మో! మాకు ఇష్టం నేదంట!" డప్పుమీద ఒక్క దెబ్బ. "పొద్దున్ననుంచి రోడ్డుమీద ఎండిపోతన్నాం, ఇష్టం నేదంట!" అంతే, ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడి నవ్వులు. ఇన్‌స్పెక్టరుగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు కదులుతున్నాయి.

తరవాత లెక్క అడిగారు. తొమ్మిదిన్నరా పద్నాలుగున్నరా కలిపితే?

"ఇరవై నాలుగు చుక్క సున్నా," అంది గంగ. "సున్నా ఎయ్యాలి బాబూ. ఎయ్యకపోతే సిన్నాన్న ఒప్పుకోడు."

"దశాంశాలు! ఎవరమ్మా ఆ చిన్నాన్న?"

ముప్ఫై ఒక్క చేతులు మైలురాయి వైపు లేచాయి.

నేను బయటికి వచ్చాను. ఇన్‌స్పెక్టరుగారు ఏదో అడిగారు. "వాన," అన్నాను. ఇంకేమీ రాలేదు. "వాన" అని మళ్ళీ అన్నాను. సోములమ్మ గెడ కొస తెచ్చి నా గుండెకు అడ్డం పెట్టింది. "ఇది నీకూ అడ్డమే బావా. మాటియ్యందే ఒగ్గను."

అప్పుడే ఇన్‌స్పెక్టరుగారు పంతులుగారి హాజరు పట్టీ తిరగేసి తల పట్టుకున్నారు. "ఇదేమిటండీ! అందరూ జూలై ఒకటినే పుట్టారా? ఐదో తరగతి కాగితం ఇవ్వాలంటే పుట్టిన తేదీ సరిగ్గా కావాలి. పెద్దబడివాళ్ళు తిప్పి పంపిస్తారు."

"నా దగ్గర ఉంది," అన్నాను.

నా గొంతే. అందరూ నా వైపు తిరిగారు. తోటకు నడిచి వెళ్ళి రిజిస్టర్లు తెచ్చాను. పరుగెత్తలేదు. చెప్పులు మాత్రం దారిలో తరవాత దొరికాయి.

పదహారు రిజిస్టర్లు. ప్రతి నెలా కింద తోట ఆఫీసరుగారి సంతకం, ముద్ర. ఇన్‌స్పెక్టరుగారు బానెట్టు మీద పరిచి చదివారు. "1966 జూలై 9. 61.2. రిమార్కులు: సోములమ్మకు ఆడపిల్ల." గంగ వైపు చూశారు. రాసుకున్నారు. ఒక్కొక్కరి పుట్టినరోజూ దొరికింది, ఒక్కో వానతో.

"ఏమయ్యా, రిమార్కులంటే కొలత పాత్రకు దెబ్బ తగిలితేనో, ఒలికిపోతేనో రాసేది. ఇవన్నీ ఏమిటి?"

పదహారేళ్ళుగా నాకా సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. "చెప్పుకోదగ్గవి, సార్," అన్నాను.

"పంతులు వచ్చారు. పంతులు వచ్చారు. ఇది కూడా చెప్పుకోదగ్గదేనా?"

"వచ్చిన రోజున."

ఆయన 1977 రిజిస్టరు తీసి, పెన్సిలుతో లెక్కపెట్టారు. వాన పడిన రోజులు తొంభై నాలుగు. పంతులు వచ్చిన రోజులు ఇరవై రెండు. "ఈ కొండమీద మీకన్నా వానకే హాజరు ఎక్కువండీ," అన్నారు పంతులుగారితో. పంతులుగారు ఆనపకాయ బుర్రలోకి చూస్తూ, చివరికి, ఒక గుటక వేశారు.

అక్కడితో ఆపితే బాగుండేది. ఇన్‌స్పెక్టరుగారికి చదవడం బాగున్నట్టుంది. ఇంకో రిజిస్టరు తెరిచారు, పైకే చదివారు.

"1974 నవంబరు 6. వాన లేదు. సోములమ్మ నవ్వింది."

డప్పు ఆగింది. ఆ ఏడాది వేసవిలో ఆమె మొగుడు కల్లు గీస్తూ జీలుగు చెట్టుమీంచి పడి చనిపోయాడు. ఆరు నెలల తరవాత, ఆ రోజు, మేకపిల్ల దేన్నో చూసి ఆమె నవ్వింది. నేను గేటు దగ్గర ఉన్నాను. చెప్పుకోదగ్గది అనిపించింది.

"1975 జనవరి 17. వాన లేదు. సోములమ్మ కొత్త చీర. ఫిబ్రవరి 7. సోములమ్మ సంతకు వెళ్ళింది. వచ్చింది."

"ఇంకా సదవండి బాబూ, ఇంకా సదవండి!" అంటూ చిన్నమ్మలు డప్పు చితక్కొట్టింది. కొండలు కూలినట్టు అరుపులు. నేను వాన వస్తుందేమో అని ఆకాశం వైపు చూశాను. రాలేదు. సోములమ్మ వైపు చూడలేదు. గెడ కొస కిందికి జారింది, అది మాత్రం తెలుసు.

ఇన్‌స్పెక్టరుగారు బానెట్టు మీదే కాగితాలు రాశారు. గంగ, ఇంకో ముగ్గురు: ఐదో తరగతి పాసు. మంగరాజు దగ్గర కలం ఆగింది. నా గడి ప్రకారం వాడికి పదిహేను. పెద్దబడి హాస్టల్లో అంత వయసు ఉంటే తీసుకోరు. వాడు తల వంచుకున్నాడు. నేను రాయకపోయినా బాగుండేది. ఇన్‌స్పెక్టరుగారు నా రిజిస్టరు చూశారు, పంతులుగారి పట్టీ చూశారు, నా రిజిస్టరు మూసేశారు.

"వీడి ఒక్కడికీ మీ పంతులుగారి జూలై ఒకటే బాగుంది. ఒరేయ్, ఆ మీసం తీసేసి వెళ్ళు."

ఆఖర్న పట్టీలో ముప్ఫై మూడు పేర్లని, కూర్చున్నది ముప్ఫై ఒక్కరేనని, ఆ ఇద్దరూ ఏరని అడిగారు. పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు అంది సోములమ్మ. ఒకామెకు కొడుకు కూడా. ఇద్దరూ ఇంకా ఒకటో తరగతిలోనే ఉన్నారు. ఆ రెండు పేర్ల దగ్గర ఆయన కలం చాలాసేపు ఉంది. ఏమీ రాయలేదు. రాయడానికి ఏముంది?

నివేదిక కాగితం గంగకు ఇచ్చి, "తప్పు పడిందన్నావుగా, దిద్దు," అన్నారు. గంగ ఆయన కలంతోనే 'ఎవరూ లేరు' కొట్టేసి 31 వేసింది. చుక్క పెట్టి సున్నా వేయబోతే ఆపాను.

గెడ తీశారు. జీపు వెళ్ళిపోయింది. పంతులుగారు వెళ్ళలేదు. రేపటినుంచి ఐదు తరగతులట. పసుపు బస్తాలు సాయంత్రానికల్లా బయటికి వచ్చాయి. చిన్నమ్మలు ఆయన చెయ్యి పట్టుకుని డప్పుకు ఆడేవాళ్ళ వరసలోకి లాగింది. ఆయన అడుగులు బాగానే వేశారు.

ఏప్రిల్ 14

వాన లేదు. పంతులు ఉన్నారు. సోములమ్మ దారిన వెళ్ళింది. నేను వేరే దారిన వెళ్ళాను.

ఏప్రిల్ 15

వాన లేదు. ఈ వేరే దారి చాలా దూరం.

ఏప్రిల్ 18

వాన లేదు. మగవాళ్ళు వేటనుంచి వట్టి చేతులతో వచ్చారు. ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్ళు పేడనీళ్ళు పోశారు. వేటకే వెళ్ళని నామీద కూడా చిన్నమ్మలు ఒక కుండ పోసింది. ఎందుకని అడిగాను. "నీ ఏట ఊళ్ళోనే కదరా, ఇంకా ఏటీ కొట్టనేదు," అంది.

జూన్ 12, సోమవారం

18.4.

పొద్దున్న కొలత చూసి, గంగను తీసుకుని నేనూ సోములమ్మా అరుకు వెళ్ళాము. పెద్దబడి గుమాస్తా పేరు రాసుకున్నాడు. పుట్టిన తేదీ అడిగితే గంగే చెప్పింది, "ఆరోజు అరవై ఒకటి చుక్క రెండు వాన," అని కూడా చెప్పింది. అతను తలెత్తి చూశాడు. మంగరాజు గడ్డం కూడా గీసుకుని వచ్చాడు, దవడమీద రెండు గాట్లు. వాడి పేరూ రాసుకున్నారు. గంగ వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పరుగెత్తింది. మళ్ళీ బయటికి వచ్చి, "సిన్నాన్నా, సున్నాలు మరిసిపోకు," అని మళ్ళీ పరుగెత్తింది.

తిరుగుదారిలో మా బడి మీదుగా వచ్చాము. పంతులుగారు ఒకటో తరగతిని గోడకేసి, మూడో తరగతిని అరుగుమీద, మిగతావాళ్ళను గదిలో కూర్చోబెట్టి అటూ ఇటూ తిరుగుతున్నారు. చెమటలు. నన్ను చూసి, "ఏయ్ సుక్రూ, రాసుకో!" అని అరిచారు.

మలుపు దగ్గర ఆ గెడ ఇంకా మైలురాయికి ఆనించి ఉంది. సోములమ్మ దాన్ని తీసి దారికి అడ్డంగా పెట్టింది.

"పండగ అయిపోయింది కదా," అన్నాను.

"పండగయిపోయింది. నీ మాట ఇంకా రానేదు. బేగి సెప్పు బావా, వానొత్తాది."

చినుకులు మొదలయ్యాయి. చెప్పాను.

సోములమ్మ గెడ తీసేసింది. ఏమన్నానో ఇక్కడ రాయను. తోటకు వచ్చి రిజిస్టరులో రాశాను. గడిలో పట్టింది.